డాక్టరుకు మాస్టారు చెప్పనిది

మా పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు మంగళవారం పొద్దున్న పోయారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

ఫిషింగ్ హార్బరు వెనక మా వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఆయన లెక్కలు చెప్పేవారు. మూడో తరగతితో బడి మానేసిన నేను ఎండుచేపలు తిరగేస్తూ వినేదాన్ని.

"బోటు గంటకి పది మైళ్లు పోతంది. వల ఏసే చోటికి ఎంతసేపట్లో సేరతాది?"

పిల్లలు గబగబా ఏదో ఒకటి గుణించేసేవారు.

"దూరం సెప్పానేట్రా మీకు? సెప్పందే ఎలా కట్టీసినారు?" అని నవ్వేవారు. 'ఇచ్చింది చాలదు' అని రాస్తే సగం మార్కులే. ఇంకా ఏం కావాలో కూడా రాస్తేనే పూర్తి మార్కులు.

ఓసారి గాలివానకు మా అబ్బాయి బోటు రాలేదు. నాకసలే గుండెదడ. నన్ను 'అప్పా' అని అక్కలా పిలిచే ఆయన్ని పీక్కు తిన్నాను.

"ఎప్పుడొత్తాడు మాస్టారూ?"

"ఎటెల్లాడో, ఎంత దూరమెల్లాడో తెలీకండా నానేటి సెప్పగల్ను అప్పా? ఇచ్చింది సాల్దు."

"మీ లెక్కలు సముద్రంలో పారీయండి!"

ఆయన జెట్టీకి నడిచారు. తిరిగొచ్చిన బోటు వాళ్లందరినీ అడిగి, తడిసి ముద్దై వచ్చారు. "ఇంజను సెడిపోయి భీమిలి కాడ ఆగినారంట. అన్నం తినప్పా."

అంతటి మనిషి సోమవారం పొద్దున్న కుళాయి దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డారు. ఒళ్లంతా చెమట. ఆటో పిలిచాను. "ఒక్క నిమిషం అప్పా" అని లోపలికి వెళ్లి వచ్చారు.

"చెమట పట్టిందా? చెయ్యి లాగిందా?" అని డాక్టరు అడిగారు.

"అబ్బే, ఉత్త గేసండి."

నేను నోరు తెరవబోతే కళ్లతోనే వద్దన్నారు. చీమ కుట్టినా వీధంతా చెప్పుకునేదాన్ని, ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను.

తిరుగు ఆటోలో తిట్టాను. "అబద్దమెందుకు సెప్పినారు?"

"పెద్దాసుపత్రిలో పడుకోబెట్టేత్తారప్పా. ఎల్లుండి మీ మనవరాలికి లెక్కల పరీచ్చ. అదవ్వనీ, అన్నీ సెప్తాను."

ఇదేం న్యాయం మాస్టారూ? సగమే ఇచ్చి ఆ డాక్టరు చేత మందు రాయించారు. ఇదే పని పిల్లలు చేస్తే ఊరుకునేవారా? అడగాల్సినవన్నీ అడిగిన డాక్టర్ని తిట్టడానికి నాకు నోరు లేదు. తెలిసీ చెప్పని నన్ను నేను తిట్టుకుంటే చాలడం లేదు.

మనవరాలు పరీక్ష బాగా రాసింది. రాసొచ్చి ఆ అరుగు మీదే కూర్చుని ఏడ్చింది.

నిన్న ఆయన వాటాకు తాళం వేయడానికి వెళ్లాను. ఆ ఒక్క నిమిషం దేనికో అప్పుడు తెలిసింది. పెరట్లో, ఎవరికీ కనబడకుండా గోడవైపు, దండెం మీద ఆయన విప్పేసిన చొక్కా ఉంది. ఎండి బిర్రబిగిసింది. వీపు నిండా చెమట ఉప్పు చారలు. హార్బరు గాలికి రెండు చేతులూ ఊగుతున్నాయి.