మెట్‌పల్లి డేరాలో మూడు ఇంటర్వెల్లు

1958లో నేను మెట్‌పల్లిలో ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటర్‌ని. డేరాలో ఒకటే ప్రొజెక్టర్. రీళ్లు కలిపి చుట్టిన చక్రాన్ని స్పూల్ అంటాం. అది అయిపోగానే లైట్లు వేసి ఇంకోటి ఎక్కించాలి. అలా ఆటకు మూడు ఇంటర్వెల్లు.

ఆ ఏడు ఓనరు రెండో ప్రొజెక్టర్ తెచ్చాడు. ఒకటి ఆగేలోపు ఇంకోటి అందుకుంటుంది కాబట్టి ఒక్క ఇంటర్వెల్ చాలు. పట్నం హాళ్లలా అయ్యామని నేను పొంగిపోయాను.

మొదటి ఆట అవగానే మగ్గం నేసే లింగయ్య తాత క్యాబిన్ దగ్గరికి వచ్చాడు.

"ఏం బిడ్డా, మూడు ఇంటర్వెల్ల సిన్మ అని వస్తే ఒక్కటే చూపెట్టినవ్. కడమ రెండు ఏడ వెట్టినవ్?"

"ఇంటర్వెల్ అంటే సినిమా కాదు తాతా, సినిమా ఆగడం."

"గది మాకెర్కనే. గప్పుడే గదా కత మాట్లాడుకునేది. నువ్వు ఆపకుంటే గా పిలగాడు ఎవని కొడుకో నాకు జెప్పేటోళ్లెవరు?"

నవ్వి పంపేశాను. అతని వెనకే గుడాలమ్మే రాజవ్వ నిలబడి ఉంది. ఉడికించిన శనగలు గంపలో సగానికిపైగా మిగిలాయి. ఆ గంప మీదే ఆమె ఇల్లు నడిచేది.

"గిట్లైతే నేను ఇంకో బేరం జూస్కోవాలె సారూ" అంది.

మర్నాడు పాత ఇంటర్వెల్ వేళకు జనం వాళ్లంతట వాళ్లే లేచారు. తెర మీద హీరోయిన్ ఏడుస్తోంది. వీళ్లు తెరకు వీపు తిప్పి, బీడీలు ముట్టించి, ఆమె మొగుడు మంచివాడా కాదా అని వాదించుకుంటున్నారు. రాజవ్వ గంపతో మధ్యలో తిరుగుతుంటే, ఆమె నీడ హీరోయిన్‌కు గుడాలు పెడుతున్నట్టు తెర మీద పడింది. ఓనరు తల పట్టుకున్నాడు.

ఆట అయ్యాక ఆమెను కోప్పడబోయాను. రాజవ్వ తాపీగా గంప సర్దుకుంటూ అంది.

"ఒక్క మిషిన్ ఉన్నప్పుడు మాటల నడుమల్నే ఆపుతుంటిరి. గిప్పుడు రెండున్నయ్ గదా, పాట కాంగనే ఆపరాదుండ్రి."

నిజమే, ఎక్కడ ఆపాలన్నది ఇప్పుడు మా చేతిలో ఉంది. మరుసటి ఆట నుంచి పాట ముగిసే చోటు చూసుకుని మూడుసార్లు లైట్లు వేశాను. ఆట చివర రాజవ్వ గంప బోర్లించి చూపింది.

ఉపాయం నాదేనని ఓనరు మెచ్చుకుంటే నేను కాదనలేదు. మెట్‌పల్లిలో ఇప్పటికీ నా పేరే చెబుతారట. ఆ ఉపాయం రాజవ్వది. ఆమె ఉన్నప్పుడే చెప్పాల్సింది.

ఇప్పుడు పెద్ద హాల్లో పనిచేస్తున్నాను. ఇంటర్వెల్‌లో లైట్లు వేశాక క్యాబిన్ కిటికీలోంచి ముందు జనాన్ని చూస్తాను, తర్వాతే మిషన్‌ని.