సీజర్ కుడివైపు పన్ను

ఇది ఒక కుక్క పన్ను గురించి. ఇంత చిన్న విషయమా అని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. చిన్న విషయమే అయితే నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పకుండా ఎందుకు మోశాను? చెప్పాల్సిన ఒకే ఒక్క మనిషి పక్క గదిలో ఉన్నన్నాళ్ళూ నోరెందుకు రాలేదు? ఆ మనిషి మా అక్క. కిందటి వేసవిలో చనిపోయింది. ఇక చెప్పడానికి మీరే మిగిలారు.

డెబ్బైల మొదట్లో మేము విజయవాడలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సు బండి గార్డు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవారు కాదు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. బడిలో పాఠాలు చెబుతూ ఇల్లు కూడా తనే నడిపేది. నేను బి.ఏ. చదువుతూ, దానికన్నా ఎక్కువగా లైబ్రరీ నవలలు చదువుతూ ఉండేదాన్ని.

సీజర్ వీధికుక్క. ఒక వానాకాలం వరండాలోకి వచ్చి ఇక వెళ్ళలేదు. పేరు పెట్టింది నాన్న. పెంచింది అక్క.

అక్క వాడికి పళ్ళు తోమేది. ఆ రోజుల్లో అలాంటి మాట ఎవరూ విని ఉండరు. హనుమాన్ జంక్షన్‌లో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఒక ముసలి కుక్క ఉండేది. నోరంతా పుచ్చిపోయి, ముందు అన్నం ఉన్నా తినలేక, పళ్ళెం చూస్తూ పడుకునేది. అక్క దాన్ని చూసి వచ్చి, పశువుల ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుగారిని అడిగింది. ఆయనకు తెలిసినవి గేదెలూ ఎద్దులూ. ముందు నవ్వారట. తర్వాత ఆలోచించి, తనకు తెలిసింది చెప్పారట. మిగతాది అక్క చేసి నేర్చుకుంది.

ఎలా చేసేదో చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. సాయంత్రం వాడి అన్నం అయ్యాక వరండా మెట్టు మీద కూర్చుని వాణ్ణి మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకునేది. నాన్న పాత పంచె ముక్క చూపుడువేలికి చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచేది. నోరు తెరిపించేది కాదు. పెదవి మాత్రం పైకెత్తి, పళ్ళ బయటివైపు, చిగురు నుంచి కొసకి తుడిచేది. లోపలివైపు వాడి నాలుకే చూసుకుంటుందనేది. వెనక, పైన, పెద్ద పన్ను ఒకటి ఉంటుంది, రెండు వైపులా. గార ముందు పట్టేది దానికే. పళ్ళపొడి గానీ పేస్టు గానీ వాడేది కాదు. “వాడికి ఉమ్మడం రాదుగా,” అనేది. మొదట్లో అయితే చాలా రోజులు పళ్ళు ముట్టుకోనే లేదు. వేలు మాంసం ఉడికిన నీళ్ళలో ముంచి నాకించేది, అంతే. వేలంటే భయం పోయాకే గుడ్డ చుట్టింది. వారానికోసారి మాంసం కొట్టు నుంచి పచ్చి ఎముక తెచ్చి, కాసేపు కొరకనిచ్చి తీసేసేది. ఉడికిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టొద్దనేది. డాక్టరుగారు మరీ మరీ చెప్పిన మాట అదొక్కటేనట.

పక్క క్వార్టరు వెంకాయమ్మగారిది గుడివాడ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆవిడకు రోజూ ఇదొక వేడుక.

“ఏవమ్మా టీచరమ్మా, పళ్ళు తోవటం అయిందా? అయితే కాఫీ కూడా పొయ్యి మరి, పాపం!”

“మీ ఆయన పళ్ళకన్నా మావాడివే తెల్లగా ఉన్నాయండీ వెంకాయమ్మగారూ.”

“ఆ చుట్ట మానమని నువ్వన్నా చెప్పమ్మా మీ బాబాయికి. నా మాటింటేగా!”

మా ఇంట్లో ఈస్టర్ ముందు శ్రమదినాల్లో మాంసం వండరు. అది మా క్రైస్తవుల అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. నాన్న ఇంకో అడుగు వేసి, మనం మానినప్పుడు ఇంట్లో కుక్క మాత్రం ఎందుకు తినాలి అనేవారు. కాబట్టి ఆ రోజుల్లో సీజర్‌కి కూడా ఉపవాసమే. మెత్తటి అన్నం, పప్పు, మజ్జిగ. కొరకడానికి ఏమీ లేదు. ఆ కాలమంతా వాడి పళ్ళు బాగుండటం అక్క వేలి మీదే ఆధారపడి ఉండేది.

ఆ ఏడాది శ్రమదినాలు మొదలైన కొద్ది రోజులకే పెద్దమ్మ కాలవ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అక్క సెలవు పెట్టి వెళ్ళింది. బస్సెక్కే ముందు నాకు చెప్పింది ఒకటే. “ఎముకల్లేవు కాబట్టి ఈ నెలంతా వాడికి గుడ్డే దిక్కు. మానకే.”

కొన్నాళ్ళు చేశాను. తర్వాత మానేశాను.

ఎందుకు? దీని గురించి చాలా ఆలోచించాను. అసహ్యమా? కాదు. అక్క పుణ్యమా అని వాడి నోరు వాసన కూడా వచ్చేది కాదు. బద్ధకం అంటే సరిపోతుందా? చేతిలో పుస్తకం ఉండేది. ఇంకో ప్రకరణం అయ్యాక లేద్దామనుకునేదాన్ని. అప్పటికి చీకటి పడేది. రేపు కాస్త ఎక్కువసేపు తుడుద్దాంలే అనుకునేదాన్ని. మానేయాలని ఏ రోజూ అనుకోలేదు. వాడు మాత్రం మానలేదు. అన్నం తిన్నాక వచ్చి మెట్టు దగ్గర కూర్చుని, గడ్డం కాస్త పైకెత్తి చూసేవాడు. నేను చూసి పేజీ తిప్పేదాన్ని. కాసేపటికి లేచి వెళ్ళిపోయేవాడు.

ఈస్టర్‌కు ముందు వారం, మట్టల ఆదివారం నాడు, ఎందుకో వాడి పెదవి ఎత్తి చూశాను. కుడివైపు పెద్ద పన్ను మీద పసుపూ గోధుమా కలిసిన గార, గోడకు పట్టిన పాకుడులా. గోటితో గీకితే రాలేదు. గుడ్డతో ఎంత రుద్దినా రాలేదు. మెత్తగా ఉన్నప్పుడు తుడిస్తే పోయేది, గట్టిపడ్డాక పోదు. అది అప్పుడే తెలిసింది.

ఈస్టర్ రోజు నాన్న చర్చి నుంచి వస్తూ మాంసం తెచ్చారు. కూర పొయ్యి మీద ఉండగా, ఎల్లుండి అక్క వస్తుందని చెప్పారు. వచ్చిన వెంటనే చేసే పని వాడి పెదవి ఎత్తి చూడటమే అని నాకు తెలుసు. ఎముక కొరికితే గార ఊడుతుందని కూడా తెలుసు. కానీ ఉన్న ఎముకలన్నీ కూరలో ఉడికిపోయాయి. గిన్నెలోంచి పెద్ద కాలి ఎముక ఒకటి తీసి, కుళాయి కింద మసాలా పోయేలా కడిగాను. కడిగితే అది పచ్చి ఎముకవుతుందా? అలా అనుకున్నానని చెప్పలేను. అనుకోకుండా ఉండటానికి కడిగాననిపిస్తుంది.

అన్నాళ్ళ తర్వాత వాడికి ఎముక దొరికింది. నేను పక్కనే కూర్చుని శ్రద్ధగా చూశాను. నిజంగానే గార పెచ్చులుగా రాలుతోంది. నా తెలివికి నేనే సంతోషిస్తున్నాను. అంతలో టక్కుమని చప్పుడు. వాడు ఎముక వదిలేసి ఒక్క అరుపు అరిచాడు. తర్వాత నా వైపు చూశాడు.

సిమెంటు గచ్చు మీద ఒక పలుకు పడి ఉంది. చింతగింజలో సగం ఉంటుంది. తీసి వెలుతురులో చూశాను. ఒకవైపు నునుపుగా, కొంచెం గార అంటుకుని ఉంది. రెండోవైపు తెల్లగా, గరుగ్గా, అప్పుడే విరిగిన కొబ్బరిలా. ఆ క్షణంలో నాకు భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగిందని చెప్పాలి. పన్ను లోపల ఇలా ఉంటుందా అని. వాడి పెదవి ఎత్తితే, మిగిలిన పన్ను మధ్యలో ఎర్రటి చుక్క కనిపించింది. మర్నాడు కాలేజీకి వెళ్తూ ఆ పలుకుని ఏలూరు కాలవలో పడేశాను.

అక్క అన్న రోజుకి రాలేదు. పెద్దమ్మకు జ్వరం వచ్చి, ఇంకో పది రోజులు ఆగిపోయింది. ఈలోగా సీజర్ ఒక పక్కతోనే తిన్నాడు. తర్వాత అన్నం మానేశాడు. నోటి నుంచి చొంగ కారేది. తొట్టి దగ్గరికి వెళ్ళి, చల్లటి నీళ్ళకు మూతి తగలగానే వెనక్కి దూకేవాడు. కుడికంటి కింద కొంచెం ఉబ్బింది. ఆ పంటి వేళ్ళు అక్కడిదాకా ఉంటాయని ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. గోటితో నొక్కితే నొక్కు పడనంత గట్టి వస్తువేదీ కుక్కకు కొరకడానికి ఇవ్వకూడదని కూడా అందులోనే చదివాను. అప్పుడు నాకు తెలిసింది వాడికి నొప్పిగా ఉందని, అంతే. అది చాలదా? పశువుల ఆసుపత్రి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. వెళ్తే ఎలా విరిగిందని అడుగుతారు. నేను వెళ్ళలేదు. ఎక్కడో రాయి కొరికాడని అక్కతో చెప్పాలని మనసులో తయారు చేసుకుంటూ కూర్చున్నాను.

ఎండలు ముదిరాయి. పక్క వీధిలో పిచ్చికుక్క ఒకటి తిరిగిందని, ఇద్దరిని కరిచిందని చెప్పుకుంటున్నారు.

అక్క వచ్చింది. చీర కూడా మార్చుకోకుండా మెట్టు మీద కూర్చుంది. సీజర్ మంచం కింద నుంచి వచ్చి ఆమె మోకాలి మీద గడ్డం ఆనించాడు. అక్క అలవాటుగా కుడివైపు పెదవి కింద వేలు పెట్టింది. వాడు కరిచాడు. వాడి జీవితంలో మనిషిని కరవడం అదే మొదలు. రక్తం కారింది. వెంటనే వదిలేసి గోడ మూలకు పోయి వణుకుతూ నిలబడ్డాడు.

గోడ అవతల నుంచి వెంకాయమ్మగారు చూశారు. “అయ్యో తల్లీ! పిచ్చెక్కిందే దానికి! ఆ చొంగ చూడు. నీళ్ళు చూస్తే ఎట్టా వెనక్కి పోతందో రెండ్రోజుల్నించి చూస్తన్నా!” ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ చూసింది ఆవిడ చెప్పారు.

పెద్దాసుపత్రిలో డాక్టరు బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వీలైతే కుక్కని కట్టేసి పది రోజులు చూడమన్నారు. బతికి ఉంటే పిచ్చి కానట్టేనట. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం. పిల్లలున్న ఇళ్ళు, పది రోజులు ఎలా ఉంచుతారని గొడవ. నాన్న ఎటూ చెప్పలేకపోయారు. అక్క మాత్రం ఉంచుదామనే అంది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచింది.

“నేను లేనన్నాళ్ళూ రోజూ వాడి నోరు చూశావుగా?”

“చూశానక్కా.”

“పన్నేమన్నా విరిగిందా? గట్టిదేదన్నా కొరికాడా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. పంటి నొప్పికైనా ఇలాగే చేస్తారు వీళ్ళు.”

తప్పించుకోవడానికి కాదు, బయటపడటానికి దారి అక్కే చూపించింది. నేను అవునంటే చాలు. వాకిట్లోకి వెళ్ళి నాన్నతో, జనంతో తనే మాట్లాడేది. నన్ను తిట్టేది కూడా కాదేమో.

“లేదక్కా. పళ్ళన్నీ బానే ఉన్నాయి. రోజూ తోమాను.”

అక్క కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది. “నువ్వు చూశానంటే చూసినట్టే. అయితే ఇంక అదేనే,” అంది. బయటికి వెళ్ళి నాన్నతో, సరే, కబురు పెట్టండి అంది.

సాయంత్రం మునిసిపాలిటీ వాళ్ళు ఇనప తీగ ఉచ్చుతో వచ్చారు. వాళ్ళు రాకముందు అక్క ఒక గిన్నెలో గోరువెచ్చటి గంజి పోసి, కర్రతో వాడి ముందుకు నెట్టి, చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. సీజర్ తల ఎడమవైపుకి వంచి గంజి తాగాడు. పిచ్చి పట్టిన కుక్కకు గుటక పడదు. చల్లటి నీళ్ళు తాగనివాడు వెచ్చటి గంజి గిన్నె ఖాళీ చేశాడు. అది చూసింది నేనొక్కదాన్నే. ఖాళీ గిన్నె కడిగి బోర్లించాను.

అక్క ఆ ఇంజెక్షన్లన్నీ చేయించుకుంది. పొట్ట గడ్డలు కట్టి, రాత్రిళ్ళు పక్కకు తిరగలేకపోయేది. నేను వేడి గుడ్డతో కాపడం పెట్టేదాన్ని. “నీకు శ్రమ,” అనేది.

తర్వాత అక్క ఇంకో కుక్కని పెంచలేదు. కానీ కుక్కలున్న వాళ్ళు ఎవరు అడిగినా పళ్ళు ఎలా తుడవాలో చేసి చూపించేది. చివర్లో ఎప్పుడూ ఒక మాట చేర్చేది. “నేను ఊళ్ళో లేనప్పుడు కూడా మా చెల్లెలు ఒక్కరోజు మానలేదు. పిచ్చి రావడం మన చేతిలో లేదు.” ఆ మాట వచ్చేలోపు నేను ఏదో పని మీద లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఒక ప్రశ్న ఇప్పటికీ వదలదు. కరిచే ముందు అక్క పెదవి ఎత్తింది. ఎంత ఎత్తింది? పన్ను కనిపించిందా? కనిపించి ఉంటే, వంటింట్లో ఆ ప్రశ్న నాకు ఇచ్చిన అవకాశం. నేను కాదన్నాక, నా మాట నిలబెట్టడానికి వాణ్ణి వదులుకుందా? ఇలా జరిగి ఉండాలని ఒక్కోసారి కోరుకుంటాను. అప్పుడు ఈ బరువులో సగం తనది అవుతుంది. కానీ నాకు అక్క తెలుసు. చూసి ఉంటే వాణ్ణి చావనిచ్చేది కాదు. చూడలేదు. నన్ను నమ్మింది, అంతే జరిగింది.

చివరి నెలల్లో అక్కకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, వినికిడి ఉంది. రోజూ ఉదయం నేనే తన నోరు శుభ్రం చేసేదాన్ని. చూపుడువేలికి మెత్తటి గుడ్డ చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, చిగురు నుంచి కొసకి. ఒక్కరోజు కూడా మానలేదు. చేస్తున్నంతసేపూ తను నా మొహం వైపే చూసేది. ఇవాళ చెప్పేయాలి అనుకునేదాన్ని. గుడ్డ పిండి ఆరేసేదాన్ని. ఇప్పుడు చెబితే తను తిరిగి ఒక్క మాట అనలేదు, అది న్యాయం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా ఎముకని కుళాయి కింద కడగడం లాంటిదే.

ఇది చదివి మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు. క్షమించే హక్కు మీకు లేదు, ఉన్న మనిషి లేదు. ఇంత రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. కానీ దీన్ని రాయడానికి కారణం అది కాదు. వాడి గురించి మా వీధిలో, మా బంధువుల్లో మిగిలిన మాట ఒకటే, పిచ్చెక్కి పెంచిన మనిషినే కరిచిందని. అక్క కూడా అదే నమ్మి పోయింది. సీజర్‌కి పిచ్చి లేదు. కుడివైపు పన్ను విరిగింది. విరగ్గొట్టింది నేను.