చొక్కా కొలతల్లో బీపీ

మా బాబాయి పొద్దున్నే మొహం కూడా కడుక్కోకముందే బీపీ చూసుకుంటారు. ఆయన బట్టలు కుట్టే మాస్టారు. చొక్కా కోసం వచ్చినవాడికి ఛాతీ, భుజం కొలిచాక జబ్బకు బీపీ మిషన్ పట్టీ కూడా చుట్టేస్తారు.

"నాకు బీపీ ఎందుకు మాస్టారూ? కాలర్ బిగుతుగా ఉందని వచ్చాను!"

"కాలు మీద కాలు తియ్యి. వెనక్కి ఆనుకో. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఐదు నిమిషాలు నోరెత్తకు."

నోరెత్తకుండా ఉండలేక సగం మంది రెడీమేడ్ చొక్కాలకు మారిపోయారు.

తన వంతు వచ్చిందంటే మాత్రం బాబాయి వణికిపోయేవారు. పిన్ని పక్కన కూర్చుని రెండో చెయ్యి పట్టుకోవాల్సిందే. అంకె తనొక్కరే చూసుకుని, "అమ్మో!" అంటూ మిషన్ ఆపేసేవారు.

పిన్ని తన చేతికి ఆ పట్టీ తగలనిచ్చేది కాదు. వాళ్లమ్మ బీపీ ఉందని తెలియకుండానే, గిన్నెలు కడుగుతూ పక్షవాతంతో కుప్పకూలింది. అప్పటినుంచి పిన్ని ఆస్పత్రి ఉన్న వీధిలోంచి కూడా నడిచేది కాదు.

"నాకేం లేదు. తలనొప్పి కూడా రాదు."

"అదేనే నా భయం. అది చెప్పి రాదు."

"మీ నోట మంచి మాటే రాదా?"

ఒకరోజు బాబాయి మిషన్‌ని విసుగ్గా బల్ల మీద పెట్టారు. "ఇది తప్పు చూపిస్తోంది. సరిచూడాలంటే ఏ జబ్బూ లేని మనిషి చెయ్యి కావాలి. కొట్టుకొచ్చే ప్రతివాడికీ ఏదో ఒకటి ఉంది. వీధి మొత్తానికి ఏమీ లేనిది నువ్వొక్కదానివే."

పిన్ని ఇరుక్కుపోయింది. నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. చెయ్యి చాపింది. పట్టీ బిగుసుకునే కొద్దీ ఆవిడ పెదవులు పాలిపోయాయి.

నూట ఎనభై నాలుగు. కింద నూట ఎనిమిది.

"మిషన్ పాడైందా?" పిన్ని గొంతు పీలగా వచ్చింది.

"భయానికి కాస్త పెరిగి ఉంటుంది. ఆగి చూద్దాం."

ఆగి చూస్తే నూట డెబ్బై ఎనిమిది. ఈసారి బాబాయి చేతులు నిజంగానే వణికాయి.

డాక్టరమ్మ ముందు పిన్ని ఆయన చొక్కా కొస వదల్లేదు. "నాకెందుకొచ్చిందమ్మా?"

"మీ అమ్మగారికి ఉందంటున్నారు, అదొకటి. వయసు, ఉప్పు. చాలామందికి ఇదీ అని ఒక్క కారణం చెప్పలేం. మాత్ర మాత్రం మానొద్దు. మాస్టారూ, మీకు చాలా భయమటగా, మీదీ చూద్దాం రండి."

నూట పద్దెనిమిది. కింద డెబ్బై ఆరు.

పిన్ని ఆ అంకెనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "మరి రోజూ ఆ వణుకుడేంటి?"

"నీకు మిషన్ పక్కన కూర్చోవడం అలవాటు కావాలిగా!"

ఇంటిదాకా ఆవిడ ఆయనకంటే పది అడుగులు ముందే నడిచింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "దొంగ నాటకాలు!" అంది. మర్నాడు పొద్దున తనే కుర్చీ లాక్కుని చెయ్యి చాపింది.

నెల తిరిగేసరికి పిన్ని బీపీ నూట ముప్పై నాలుగు, కింద ఎనభై నాలుగు.