మా ఊళ్ళో చుక్క తొందరగా పొడుస్తుంది

ఇవాళ కార్తీక సోమవారం. జన్మలో మొదటిసారి నేనూ ఉపవాసం ఉన్నా. కెనడా ఉత్తరాన ఉన్న మా ఎల్లోనైఫ్‌లో ఇప్పుడు తొమ్మిదిన్నర దాకా తెల్లారదు, అందాకా ముసుగు తన్ని పడుకున్నా. సాయంత్రం నాలుగున్నరకల్లా కిటికీలోంచి చుక్క కనపడింది. కంచం పట్టుకుని వంటింట్లోకి పోయా.

మా ఆవిడ ఇంకా గారెల పిండి రుబ్బుతోంది. "ఇదీ ఒక ఉపవాసమేనా?" అంది.

"చుక్క చూసి తినమన్నారు గానీ గడియారం చూడమన్లేదు కదే."

"అలాగా. అయితే జూన్‌లో కూడా ఓ సోమవారం ఉంటానంటేనే గారెలు."

గారెల ఆశకి, పక్కనే పప్పు అందిస్తున్న మా కోడలి ముందే ఒట్టేశా. ఆరోది నవులుతుంటే గుర్తొచ్చింది, జూన్‌లో ఇక్కడ రాత్రి కూడా వెలుతురే. చుక్క కనపడాలంటే ఆగస్టు రావాలి.

వాంకూవర్‌లో చీకటి పడుద్దంట కదా. అక్కడున్న మనోళ్ళెవరన్నా జూన్‌లో నన్ను ఓ సోమవారం భోజనానికి పిలుద్దురూ.