ఐరేని కుండల మీద తంబాకు చెట్లు

ఝరాసంగం నుంచి జహీరాబాద్ పోయే షేర్ ఆటోలో ఎవరైనా అరచేతిలో తంబాకు నలిపితే పక్కవాళ్లు ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ఘాటుకు తడిమట్టి వాసన, పందిరి కింద ఆరబెట్టిన కుండల చల్లదనం, నాయనమ్మ కొంగు అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి.

మేం కుమ్మరులం. ఎండాకాలం వచ్చిందంటే మా వాకిట్లో కాలు పెట్టే సందు ఉండేది కాదు. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలు చరిచే చప్పుడూ, నాయన పచ్చికుండను చెక్కతో కొట్టే చప్పుడూ కలిసి వినిపించేవి. మిగిలిన మట్టితో మేం పిల్లలం ఎడ్లబండ్లు చేసి, చెరుకు పిప్పి వాటిలో నింపి, అల్లం తోటల దాకా ఊరేగించేవాళ్లం.

అప్పటికే ఇళ్లలోకి ఫ్రిజ్‌లొచ్చి నీళ్ల కుండలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. మిగిలినవి పెళ్లిళ్ల ఐరేని కుండలే. పెళ్లివారి ఆడవాళ్లు డప్పులతో మా ఇంటికొచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, తెల్లపూత వేసిన ఆ కుండలను తీసుకెళ్లి దేవుని అర్రలో ఉంచుకునేవారు. అవి కూడా మెరుపు రంగులతో జహీరాబాద్ దుకాణాల్లోకి వచ్చేసరికి నాయనకు గుబులు పట్టుకుంది.

ఒకరోజు నాయనమ్మ ఎప్పటిలాగే చూసుకోకుండా ఉమ్మిన తంబాకు, సుద్ద పూత ఇంకా ఆరని కుండ మీద పడింది. తిట్టబోయిన నాయన ఆగిపోయాడు. ఆ మరక జారుతూ జారుతూ కొమ్మలేసి, రెమ్మలేసి, మా కళ్లముందే చెట్టయింది. ఇక ఆయనకు అదే పిచ్చి. తంబాకు కాడలు ఉడికించి, ఆ నీళ్లలో నిమ్మరసం, ఎర్రజాజు మట్టి కలిపి తడిపూత మీద చుక్కలు వేసేవాడు. పూత కాస్త ఆరితే చుక్క అక్కడే నిలిచిపోయేది, పలుచనైతే చెదిరిపోయేది, అన్నీ కుదిరిన కుండ కాల్చేటప్పుడు ఆవంలో పొగచూరి నల్లబడేది. చివరికి మా ఊరి పటేలు ఇంటి పెళ్లికి చేసిన కుండల మీద ఎర్రటి చెట్లు నిలబడ్డాయి. వాటిని ఎత్తి పట్టుకుని నాయన నవ్వాడు.

పెళ్లివారూ మురిసిపోయారు. “గీ చెట్లు ఎట్ల ఏసినవ్?” అని పెళ్లికూతురి తల్లి అడిగితే, నాయన నోరు తెరిచేలోపే నాయనమ్మ, “నేను ఉమ్మిన తంబాకుతోని పుట్టినయమ్మా,” అన్నది, ఎంతో గొప్పగా.

డప్పు ఆగింది. నాయన నిమ్మకాయలు చూపించాడు, ఉడికించిన గిన్నె తెచ్చి చూపించాడు.

“ఎంగిలి కుండలు దేవుని అర్రల ఎట్ల పెడ్తం?” అని ఆమె వెనుదిరిగింది.

ఆ మాట ఊరూరా పాకింది. మళ్లీ ఏ పెళ్లి డప్పూ మా వాకిట్లోకి రాలేదు. నాయన హైవే మీద ఒక గోదాముకు కావలికి కుదిరాడు. నాయనమ్మ తంబాకు మానేసింది గానీ, మానేసి ఏం లాభం. ఆమె మీద కోపం నాకిప్పటికీ పోలేదు, జాలీ పోలేదు.

ఇప్పుడు ఆవం లేదు, కుండలు చేసే సారె చక్రం లేదు, మట్టి తెచ్చుకునే చోట ప్లాట్ల రాళ్లున్నాయి. మొన్న నా బిడ్డ పెళ్లికి ఐరేని కుండలు దుకాణంలో కొన్నాం. కుమ్మరింటికి కుండలు ప్లాస్టిక్ కవర్లో వచ్చాయి. ఒకటి తీసి నాయన ముందు పెట్టి, “జర కొట్టి చూడు నాయనా, పగులున్నదేమో,” అన్నాను.

ఆయన చెయ్యి కదపలేదు.

“చూసేదేమున్నది బిడ్డా,” అన్నాడు. “పెండ్లయినంక పారేసేటియే గద.”