కాలువ నీళ్ల వేడి

ఏళ్లుగా ఒక మనిషి పేరు నా గొంతులో ముల్లులా ఉంది. సింహాచలం అన్న. ఈరోజు మీకు చెప్పేస్తాను. జాలిపడమని కాదు.

విశాఖలో సముద్రం ఒడ్డునున్న ఒక కర్మాగారంలో నేను ఇంజనీరుని. యంత్రాలను చల్లబరిచిన వేడినీళ్లు కాలువలోంచి సముద్రంలోకి పోతాయి. మా మీటరు ఒక గట్టు నుంచి అవతలి గట్టుకు అల్ట్రాసౌండ్ పంపుతుంది. నీళ్లు వేడెక్కితే శబ్దం త్వరగా చేరుతుంది. పట్టిన సమయాన్ని, గట్ల మధ్య దూరాన్ని బట్టి వేడి ఎంతో చెబుతుంది. దాన్ని బిగించింది మా సీనియర్ టెక్నీషియన్ సింహాచలం అన్న.

బిగించమన్న చోటే మోసం. సముద్రపు నీళ్లొచ్చి కలిసేచోట పెట్టించారు పైవాళ్లు. అక్కడ ఎప్పుడూ చల్లనే. ఎగువన చెయ్యి పెడితే చురుక్కుమనేది. మా నాన్న వల వేసే ఒడ్డున చేపలు కరువయ్యాయి. మీటరు జరపమని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అన్నారు.

కాలుష్య నియంత్రణ అధికారుల తనిఖీ రోజు పొద్దున్నే మీటరు సెట్టింగులో దూరాన్ని కాస్త పెంచాను. అంతే. శబ్దం అదే సమయంలో ఎక్కువ దూరం పోయిందని లెక్కకట్టి, వేడి హద్దు దాటినట్టు చూపించింది. అధికారులు అనుమానపడి కాలువ పొడవునా కొలిచారు. ఎగువన నిజంగానే కాలిపోతోంది. నీళ్లు చల్లార్చే చెరువు తవ్వేదాకా వేడినీళ్లు సముద్రంలోకి వదలొద్దన్నారు. అబద్ధంతోనే నిజం బయటపెట్టాను. దానికి సిగ్గుపడను. అవసరమైతే మళ్లీ చేస్తాను.

తర్వాత మా పైవాళ్లు మీటరులో తప్పు దూరం ఉందని కనిపెట్టారు. బిగించినవాడి మీదకు తోశారు. క్యాంటీన్ దగ్గర అన్న నన్ను ఆపాడు.

"సెల్లీ, ఆ దూరం నువ్వేటైనా మార్సినావా?"

"నేదన్నా. నాను ముట్టుకోనేదు."

"అయితే నానే తప్పు కొట్టుంటాను."

నన్ను నమ్మి, తనని తాను అనుమానించుకున్నాడు. ఉద్యోగం పోయింది.

నీళ్ల కోసం అంత తెగించినదాన్ని, మనిషి కోసం నోరెందుకు విప్పలేదు? చెబితే చెరువు ఆపేస్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కొంత నిజం. మిగతాదంతా నా ఉద్యోగం మీద ఆశ.

మొన్న ఎలమంచిలి వెళ్లాను. అక్కడ ఆయన మోటార్లు బాగుచేస్తున్నాడు. అంతా చెప్పాను. తీగ చుడుతూనే విన్నాడు.

"అప్పుడే సెప్పాల్సింది. ఇన్నేళ్లూ నా సేతుల్ని నానే నమ్మనేదు," అన్నాడు. ఇంక తలెత్తలేదు.

క్షమించమని నేనూ అడగలేదు. బయటికొచ్చాక ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆ తేలిక నాకు దక్కకూడదేమో. దక్కింది.