చప్పుడు చెయ్యని పిల్ల

బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని చేసే ఆమె, అద్దె గది కోసం కాళ్ళరిగేలా తిరిగింది. పాత గది ఉన్న భవనాన్ని పడగొట్టేస్తున్నారు. కొత్తది ఫ్యాక్టరీకి దగ్గరలోనే ఉండాలి. భోజన విరామంలో పరుగున వచ్చి కూతురికి అన్నం పెట్టి వెళ్ళాలి కదా. ఒకచోట "మీ ఆయనేం చేస్తాడు?" అనడిగారు. పోయాడంటే తలుపేసుకున్నారు. ఇంకోచోట అన్నీ కుదిరాక, చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లను చూసి మాట మార్చారు.

చివరికి బ్రోకరు ఒక మేడ మీది గదికి తీసుకెళ్ళాడు. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. రిటైరైన టీచరు.

"పిల్లలున్నవాళ్ళని తేవద్దన్నానా?" అని బ్రోకరు మీద విసుక్కుంది. "చప్పుడైతే నాకు తల పగిలిపోతుంది."

బ్రోకరు వెనక్కి తిరిగాడు. ఇస్త్రీ ఆమె మాత్రం కదల్లేదు.

"మా బుంగి చప్పుడు చెయ్యదమ్మా. దానికి మాటలు రావు. చెవులూ వినపడవు."

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి అది. ఇంటావిడ "అయ్యో పాపం" అంది. ఆ వెంటనే ఆమె మొహం విప్పారింది. "అయితే పరవాలేదులే."

తాళంచెవి చేతికొచ్చింది.

బుంగికి ఆరేళ్ళు. నోరు లేకపోతేనేం, కాళ్ళున్నాయి. తల్లి బయట తాళం వేసుకుని పనికి పోతే, అది మంచం మీంచి దూకేది, స్టూలు ఈడ్చేది, గిన్నెలు దొర్లించేది. వారం తిరక్కుండానే ఇంటావిడ మెట్ల దగ్గర కాపు కాసింది.

"మూగదన్నావు! నా నెత్తిన గుర్రాలు పరిగెత్తుతున్నాయి."

"మూగదేనమ్మా. చప్పుడంటే ఏంటో దానికి తెలీదు."

"నాకు తెలుసుగా? ఖాళీ చెయ్."

కాళ్ళావేళ్ళా పడితే, ఇదే ఆఖరిసారి అంది.

గదిలోకి వెళ్ళగానే తల్లి, కూతురి అరచేతిని నేలకు ఆనించి పట్టుకుంది. పక్కనే కాలితో దబ్బున తన్ని, ఇలా చెయ్యకూడదని వేలు ఆడించింది. చేతికి అదురు తగలగానే బుంగి కళ్ళు ఇంతింతయ్యాయి. పుట్టాక మొదటిసారి దానికి చప్పుడు దొరికింది. పిడికిలితో నేలను గుద్దింది. చెంప ఆనించి మళ్ళీ గుద్దింది. తల్లి వంక చూసి నవ్వి, లేచి ఎగరడం మొదలుపెట్టింది.

కింద నుంచి ఇంటావిడ కర్రతో పైకప్పును పొడిచింది.

తల్లి గరిటె అందుకుంది. "మనల్ని రోడ్డున పడేస్తావటే? ఎక్కడికి పోతామే?" అంటూ పిల్ల కాళ్ళ మీద వాయించింది. అది ఎగరడం మానేసినా కొట్టింది. ఆ అరుపులు కింద ఇంటావిడకు వినపడ్డాయి, బుంగికి వినపడలేదు.

ఆ తర్వాత బుంగి మంచం దిగలేదు. తల్లి వెళ్ళేటప్పుడు ఎలా కూర్చుందో, వచ్చేసరికీ అలాగే, కుక్కిన పేనులా ఉండేది. పక్క తడిసినా దిగేది కాదు.

అద్దె గడువు ముగిసే వేళకు ఇంటావిడ పైకొచ్చి పిల్లను తేరిపార చూసింది.

"చూశావా? కాస్త భయం చెబితే పిల్లలు ఎంత బుద్ధిగా ఉంటారో! ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళుండు."

"మీ దయమ్మా," అంది ఇస్త్రీ ఆమె.

ఇంటావిడ దిగిపోయాక, కూతురి జుట్టు సవరిద్దామని మంచం దగ్గరికెళ్ళి చెయ్యెత్తింది. బుంగి చప్పున రెండు కాళ్ళూ గౌను కిందికి లాక్కుంది.